బౌకల్ గారి అడవి

సెప్టెంబరు మొదటి వారంలో వెసెలా టీచర్ నన్ను బడికి పిలిపించింది. పిల్లలు కూర్చునే బుల్లి కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, తను మాత్రం నిలబడి, నాకోసం ఇంగ్లీషు ముక్కలు ఏరుకుంటూ మొదలుపెట్టింది.

"మీ టెస్సా మంచి పిల్ల. అల్లరి లేదు, ఏడుపు లేదు. లోపలికి రాగానే చెప్పులు మార్చుకుంటుంది, పెట్టింది తింటుంది. కానీ ఫాలనోవా గారూ, ఫిబ్రవరిలో చేరిందా? ఇవాళ్టిదాకా దాని గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదు."

మా ఇంటిపేరు ఫాలన్. ప్రాగ్‌లో ఆడవాళ్ళ ఇంటిపేరుకి 'ఓవా' అని తోక తగిలిస్తారు. వచ్చిన కొత్తలో సరిదిద్దేదాన్ని. తర్వాత ఓపిక పోయింది.

"ఇంట్లో నోరు మూయదండీ" అన్నాను. అబద్ధం కాదు. ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషు కదా.

"అక్టోబరు ఆఖర్న సెలవులిస్తాం. ఆలోపు ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి మాట్లాడినా చాలు. లేకపోతే ఈ క్లాసులో ఉంచలేను. మాట రాని పిల్లల్ని చూసుకునే బడి వేరే ఉంది. కోపం తెచ్చుకోకండి."

కోపం రాలేదు. భయం వేసింది. ఎందుకంటే మా ఆయన గ్రాంట్‌ని ఇంకో మూడేళ్ళు ఇక్కడే ఉంచుతామని వాళ్ళ కంపెనీ కాగితం పంపింది. ఉంటారో ఉండరో అక్టోబరు ముప్ఫై ఒకటిలోగా తేల్చి చెప్పాలి. ఆ రోజు బడిలో జరిగింది చెప్తే, గ్రాంట్ తింటున్న ఫోర్కు కింద పెట్టేశాడు.

"పిల్ల నోరు విప్పితే ఉందాం బ్రిజెట్. లేకపోతే మన ఊరు హాలిఫాక్స్ వెళ్ళిపోదాం. తొమ్మిదేళ్ళ పిల్లని మూగదాన్ని చేసి నేనిక్కడ ఉద్యోగం వెలగబెట్టక్కర్లేదు."

అందులో కాదనడానికేముంది? కానీ నాకు వెళ్ళాలని లేదు, ఆ సంగతి దాచడమెందుకు. హాలిఫాక్స్‌లో నేను పాలకోసం కొట్టుకెళ్ళినా నలుగురు ఆపి, మీ అమ్మ మోకాలెలా ఉంది, మీ తమ్ముడు మళ్ళీ తాగుతున్నాడట నిజమేనా అని అడిగేవాళ్ళు. ఇక్కడ రొట్టె సంచిలో వేసుకుని ఒక వంతెన మీద అటు పోయి ఇంకో వంతెన మీద ఇటు వచ్చినా పలకరించే నాథుడు లేడు. అంత హాయి నాకు పుట్టి బుద్ధెరిగాక తెలీదు. ఇదే ఊళ్ళో పిల్ల నోరు కట్టేసినట్టు ఉంటోందని తెలిసి కూడా నేను రోజూ తిరిగాను. అది నా బుద్ధి.

మేమున్నది నూస్లే పేటలో ఒక పాత మూడంతస్తుల ఇల్లు. మా కింది వాటాలో బౌకల్ గారుండేవారు. డెబ్భై ఆరేళ్ళ మనిషి, నలభై ఏళ్ళు ట్రాములు బాగుచేసి రిటైరయ్యారు, భార్య పోయింది. వెసెలా టీచర్ పిలిపించిన వారంలోనే ఒక సాయంత్రం ఆయన మా తలుపు తట్టారు. చేతిలో ఏమీ లేదు, మొహంలో నవ్వూ లేదు.

"మీ పిల్ల మెట్ల మీద ఎదురైతే నమస్కారం చెప్పదు. ఏడు నెలల్నుంచి చూస్తున్నా. నేనేమన్నా గోడనా?"

ఈ ఊళ్ళో మెట్ల మీద నమస్కారం మానడమంటే మొహాన ఉమ్మేసినంత పని. నాకొచ్చిన చెక్ భాషంతా కూడదీసుకున్నాను.

"పిల్ల... మాట లేదు. సిగ్గు. బడిలో కూడా లేదు. నాకు చాలా విచారం ఉంది."

ఆయన నన్ను కాదు, నా వెనక గుమ్మం పట్టుకుని నిలబడ్డ టెస్సాని చూశారు.

"శనివారం పొద్దున్న ఆరింటికి కిందికి పంపండి. రబ్బరు బూట్లు వేయండి. బుట్ట నేనిస్తా."

"ఎక్కడికి?"

"సెప్టెంబర్లో ఎక్కడికెళ్తారమ్మా? పుట్టగొడుగులకి!"

మొన్నటిదాకా మాట కలపని మనిషితో పిల్లనెలా పంపుతాను? నేనూ బయల్దేరాను. ఆయనకి అది నచ్చలేదు. రైలెక్కాం. ఏ స్టేషన్లో దిగామో ఇక్కడ రాయను. దిగి, కోసేసిన మొక్కజొన్న చేను దాటి, విరిగిన రాతి శిలువ దగ్గర ఎడమకి తిరిగి, అరగంట నడిస్తే అడవి.

అడవిలో ఎవరి దారి వాళ్ళది. కలిసి నడిస్తే ఒకే పుట్టగొడుగుని ముగ్గురు చూస్తారు, అది దండగ. కాబట్టి విడిపోయి, కాసేపటికోసారి "హొప్ హొప్" అని కేకేస్తారు. విన్నవాళ్ళు "హొప్ హొప్" అని బదులివ్వాలి. బదులు రాలేదంటే మనిషి తప్పిపోయినట్టు, అందరూ బుట్టలు పక్కన పడేసి వెతకాలి. ఇదంతా ఆయన టెస్సాకి వేళ్ళు మడిచి మరీ చెప్పారు.

ఆయన కేకేశారు. నేను పలికాను. టెస్సా పలకలేదు. మళ్ళీ కేకేశారు. చప్పుడు లేదు. ఇక చూసుకోండి, ఎండుపుల్లలు ఫటఫటా విరుగుతుండగా ఆయన పొదలన్నీ తొక్కుకుంటూ ఉరికొచ్చారు, మొహం కందగడ్డ. చూస్తే పది అడుగుల దూరంలో పైన్ చెట్టు వెనక గొంతుక్కూర్చుని ఉంది మా పిల్ల, నాచులోకి చూస్తూ.

ఆయన తిట్టలేదు. ఆయాసం తీరేదాకా ఆగి, ప్యాంటు ఎత్తి మోకాలు చూపించారు. ఇంత పొడుగు కుట్లు.

"చూశావా పిల్లా? ఆపరేషన్ చేశారు. బళ్ళో నువ్వు మాట్లాడకపోతే టీచరుకి కష్టం. ఇక్కడ మాట్లాడకపోతే దీనికి కష్టం. టీచరు మీద జాలి లేకపోతే పోనీ, దీని మీద చూపించు."

టెస్సా మోకాలు చూసింది. మళ్ళీ విడిపోయాం. పావుగంట గడిచాక ఆయన కేక వినిపించింది. నేను పలకకుండా ఆగాను. అప్పుడు చెట్ల మధ్యనుంచి, పిల్లి కూన అరిచినంత సన్నగా, "హొప్ హొప్" అని వచ్చింది.

నా చేతిలో బుట్ట జారిపోయింది. ఆయన మాత్రం భేష్ అనలేదు, చప్పట్లు కొట్టలేదు. తన దారిన తను వంగి చూసుకుంటూ పోయారు. ఆ తెలివి నాకుండేది కాదు, నేనైతే పరిగెత్తుకెళ్ళి ముద్దులు పెట్టి పాడు చేసేదాన్ని.

మధ్యాహ్నానికి ఇద్దరూ మొద్దు మీద కూర్చుని బుట్ట ఒలకబోసి ఏరుతున్నారు. టెస్సా మాట్లాడుతోంది. ఏడు నెలలుగా విన్నదంతా లోపల మూటకట్టి దాచుకుందనుకుంటా, నాకు నోరు తిరగని మాటలు కూడా గలగలా అనేస్తోంది.

"ఇది తినొచ్చా?"

"ఊఁ."

"ఇది?"

"ఇది మీ టీచరుకి పెట్టు."

"అంత చెడ్డదా?"

"ఎవరు, టీచరా, గొడుగా?"

టెస్సా పగలబడి నవ్వింది. నేను ఫోను తీసి ఫోటో కొట్టాను. ఒళ్ళో బుట్ట, బుట్టలో తలకాయంత గొడుగు, ముందు రెండు పళ్ళ మధ్య సందు.

ఇక నా ఘనకార్యం చెప్తాను. నాలాగే బయటి దేశాలనుంచి ప్రాగ్ వచ్చి పడ్డవాళ్ళకి ఫోన్లలో ఒక గుంపు ఉండేది. ఏ డాక్టరుకి ఇంగ్లీషొచ్చు, మేపుల్ సిరప్ ఎక్కడ దొరుకుతుంది, అన్నీ అందులోనే అడిగేదాన్ని. ఎప్పుడూ అడగడమేనా, నేనూ ఒకటి చెబుదామనిపించింది. మా వైపు ఎవరికైనా మంచి బ్లూబెర్రీ పొదలు కనపడితే చర్చిలో నిలబడి మరీ చెబుతారు, చెప్పకపోతే పిసినారి అంటారు. ఆ సాయంత్రం ఆ ఫోటో పెట్టి, కింద రైలు పేరు, స్టేషను పేరు, మొక్కజొన్న చేను, శిలువ, ఎడమవైపు మలుపు, పూసగుచ్చినట్టు రాశాను. 'మా అమ్మాయికి మాటలు నేర్పిన అడవి' అని పేరు కూడా పెట్టాను. తెల్లారేసరికి నాలుగు వందలమంది మెచ్చుకున్నారు. చెప్పొద్దూ, పొంగిపోయాను.

తర్వాతి రెండు శనివారాలూ వర్షం. ఆ పై వారం సెయింట్ వాత్స్లవ్ పండగ, ఊరంతా సెలవు. ముగ్గురం బయల్దేరాం. రైల్లో టెస్సా, బౌకల్ గారూ పక్కపక్కన కూర్చుని ఎవరిది ముందు నిండుతుందని పందెం వేసుకున్నారు.

శిలువ దగ్గర పదకొండు కార్లున్నాయి.

అడవి మొదట్లోనే ఇంగ్లీషు వినపడింది. పిల్లలు, కుక్కలు, ప్లాస్టిక్ సంచులు. నాచుని దుప్పటి లాగినట్టు లాగేశారు. ఎర్ర టోపీ విషపు గొడుగుల్ని కాళ్ళతో తన్నేశారు, ముక్కలు చెట్లకంటుకుని ఉన్నాయి. బౌకల్ గారు నిలబడిపోయారు. అప్పుడు ఎర్రకోటు వేసుకున్న ఒకాయన నన్ను చూసి, సంచి పైకెత్తి ఊపుతూ వచ్చాడు.

"హాయ్! మీరు బ్రిజెట్ కదూ? ఫోటోలో పాపని చూసి పోల్చుకున్నా! భలే చోటు చెప్పారండీ, చాలా థాంక్స్!"

తల కొట్టేసినట్టయింది. ఏదో గొణిగాను. ఆయన వెళ్ళిపోయాడు.

బౌకల్ గారికి ఇంగ్లీషు ముక్క రాదు. టెస్సా వైపు వంగి, "ఏమంటున్నాడు?" అని అడిగారు.

టెస్సా నేలకేసి చూసింది. పెదాలు బిగించేసింది. ఆయన మళ్ళీ అడగలేదు. నా మొహం ఒకసారి చూసి, వంగి, ఎవరో పెరికి పారేసిన బొటనవేలంత గొడుగుని పక్కకి తీసి, ఆ గుంటలో మట్టి సర్ది, పైన నాచు కప్పి, అరచేత్తో నొక్కారు.

"పన్నెండింటికి రైలుంది" అన్నారు.

ఆ తర్వాతి శనివారం టెస్సా పొద్దున్న ఆరింటికే బూట్లేసుకుని మెట్ల మీద కూర్చుంది. ఎనిమిదింటిదాకా కూర్చుంది. ఆయన అయిదింటికే వెళ్ళిపోయారని పక్కవాటా ఆవిడ చెప్పింది. లోపలికి రమ్మంటే వచ్చి, బూట్లు విప్పి, గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఫోన్లో రాసిందంతా చెరిపేశాను. ఎవరికోసం? చూడాల్సినవాళ్ళంతా చూశాక.

ఆ తర్వాత మా ఇంట్లో చప్పుడు లేదు. ఇదివరకు బయటే మాట్లాడేది కాదు, ఇప్పుడు ఇంట్లోనూ బంద్. ఇంగ్లీషులో అడిగితే తలూపేది, అంతే. మెట్ల మీద బౌకల్ గారు ఎదురైతే తల దించుకునేది. నమస్కారం చెప్పలేదని మా తలుపు తట్టిన మనిషి, ఆయనా తల తిప్పుకుని పోయేవారు. వెసెలా టీచర్ ఒక చీటీ పంపింది, ఆ వేరే బడి చిరునామా రాసి. దాన్ని గ్రాంట్ కంపెనీ కాగితంతో కలిపి అల్మరా మీద పెట్టాడు.

"టికెట్లు చూడనా?" అన్నాడు.

"వారం ఆగు" అన్నాను.

అక్టోబరు మధ్యలో ఆపిల్ కేకు చేసుకుని బౌకల్ గారి తలుపు తట్టాను. చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని బట్టీ పట్టాను. టెస్సాని రమ్మనలేదు, తనే వెనకాల దిగి వచ్చి రెండు మెట్ల పైన నిలబడింది.

"తప్పు నాది. నాకు తెలియదు, ఇక్కడ చెప్పకూడదు అని. పిల్ల తప్పు లేదు. దయచేసి క్షమించండి."

ఆయన నేనిచ్చిన కేకు అందుకోలేదు.

"ఆ చోటు నాకు మా నాన్న చూపించాడమ్మా, నాకు ఇరవై ఏళ్ళప్పుడు. మా ఆవిడక్కూడా నేను చూపించలేదు. నలభై ఏళ్ళు కాపురం చేశాం, ఆవిడ స్టేషన్లో కూర్చుని అల్లుకుంటూ ఉండేది. అడగలేదు, చెప్పలేదు."

"మరి మాకు ఎందుకు చూపించారు?"

"మీ పిల్ల మాట్లాడదు కదా. ఎవరికీ చెప్పదనుకున్నా." కేకు కేసి చూసి, "అమ్మ సంగతి మర్చిపోయా" అన్నారు.

నాకు భూమిలో కూరుకుపోవాలనిపించింది. వెనక్కి తిరగబోతుంటే నా తల మీదుగా గొంతు వినిపించింది.

"నేను చెప్పలేదు."

చెక్‌లో. సన్నగా కాదు, మెట్లన్నీ మోగేలా.

"నేనెవరికీ చెప్పలేదు బౌకల్ గారూ! ఆ ఎర్రకోటు ఆయన అమ్మకి థాంక్స్ చెప్పాడు. చోటు చెప్పినందుకు. మీరడిగితే నేను నోరు మూసుకున్నా, ఎందుకంటే చెబితే మీరు అమ్మని తిడతారు. నేను చెప్పనందుకు కూడా మీకు కోపమొచ్చింది. చెప్పినా కోపమే, చెప్పకపోయినా కోపమే, మరి నేనేం చెయ్యాలి? శనివారం నేను రెండు గంటలు కూర్చున్నా! నన్ను తీసుకెళ్ళండి. అమ్మ వద్దు."

నా చెక్ అంతంతమాత్రం. అయినా ఆ ఆఖరి రెండు మాటలు మాత్రం చక్కగా అర్థమయ్యాయి.

బౌకల్ గారు మెడ గోక్కున్నారు. తర్వాత నా చేతిలోంచి పళ్ళెం తీసుకున్నారు.

"అమ్మ వద్దు. అదీ నిజమే." టెస్సా వైపు చూశారు. "ఇంకో చోటుంది. అది మా నాన్నది కాదు, నాదే, నేను వెతుక్కున్నా. మీ అమ్మకి చెప్పకూడదు."

"చెప్పను."

"బతిమాలినా?"

"చెప్పను."

"మీ నాన్నకి?"

టెస్సా కాస్త ఆలోచించింది. "నాన్న అడగడు" అంది.

ఆ ఏడు చలి ఆలస్యమైంది, ఆ శనివారం ఇంకా గొడుగులున్నాయి. వేరే రైలు, వేరే వైపు. నన్ను స్టేషను వరకే రానిచ్చారు. ప్లాట్‌ఫాం మీద బల్ల చూపించి, "ఇక్కడ కూర్చో అమ్మా" అంది టెస్సా. ఇద్దరూ పట్టాలు దాటి ఎడమవైపు పోయారు. నాకు అల్లిక రాదు. నాలుగు గంటలు ఖాళీ చేతులతో కూర్చుని, వచ్చే రైళ్ళూ పోయే రైళ్ళూ చూశాను. కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, తర్వాత ఆకలేసింది. వాళ్ళు తిరిగొచ్చింది నా కుడివైపు నుంచి. మోకాళ్ళదాకా బురద. టెస్సా బుట్ట మీద తన కోటు కప్పింది. చలిలో వణుకుతూ కోటెందుకు విప్పావే అంటే, "గొడుగులకంటుకున్న ఆకులు చూసి నువ్వు చోటు కనిపెట్టేస్తావు" అంది. ఆ పిల్ల నాతో వాక్యం పూర్తిగా మాట్లాడి మూడు వారాలైంది. కనిపెట్టేంత తెలివి నాకు లేదని చెప్పలేదు.

మూడు రోజులు ఇల్లంతా అడవి వాసన. గొడుగుల్ని పల్చగా కోసి, పేపర్ల మీద పరిచి, హీటర్ పక్కన ఆరబెట్టి, దారానికి గుచ్చింది. గ్రాంట్ సాక్సులు ఆరేసుకునే చోటు కూడా ఆక్రమించుకుంది. ఎక్కడివని గ్రాంట్ అడగలేదు, నిజంగానే.

బుధవారం ట్రాం కోసం నిలబడి ఉంటే ఫోను మోగింది. వెసెలా టీచర్. ఈసారి ఇంగ్లీషు కోసం వెతుక్కోలేదు, చెక్‌లోనే గబగబా మొదలుపెట్టింది.

"మాట్లాడింది!"

నేను స్తంభం పట్టుకున్నాను. "ఏం మాట్లాడింది?"

"ఒక్క మాటే. ఇంటిదగ్గర్నుంచి శరత్కాలం వస్తువు ఒకటి తెమ్మన్నా. అందరూ ఆకులూ కాయలూ తెచ్చారు, మీ పిల్ల ఎండు గొడుగుల దండ తెచ్చింది, ఇంత పొడుగు. మతేయ్ అని ఒకడున్నాడు, వాడు 'అబ్బో, ఇన్ని ఎక్కడ దొరికాయే' అన్నాడు. నేను ఊపిరి బిగపట్టి చూస్తున్నా. టెస్సా వాణ్ణి కిందినుంచి పైదాకా చూసి, 'అడవిలో' అంది."

"అడవిలో" అన్నాను నేను.

"అడవిలో! క్లాసంతా గొల్లుమని నవ్వింది. ప్రతివాడి తాతా అదే కదా అనేది! మా తాతని నేను పదేళ్ళు అడిగా, 'అడవిలో' అనే అన్నాడు, అలా అంటూనే పోయాడు." ఆవిడ నవ్వుతోందో ముక్కు చీదుకుంటోందో తెలీలేదు. "ఈ పిల్లని నేనెక్కడికి పంపుతాను ఫాలనోవా గారూ?"

ట్రాం వచ్చి వెళ్ళిపోయింది. ఎక్కలేదు. ఇంటిదాకా నడిచాను, దారిలో ఎవరూ పలకరించలేదు, పలకరిస్తే బాగుండుననిపించింది.

శుక్రవారం గ్రాంట్ కాగితం మీద సంతకం పెట్టి పంపేశాడు. మూడేళ్ళు ఉంటామన్నాం. ఎనిమిదేళ్ళయింది, ఇక్కడే ఉన్నాం.

మర్నాడు ఆ ఏటికి ఆఖరి శనివారం. ఏడున్నరకి, వెలుతురు వచ్చాక, టెస్సా బూట్లు తొడుక్కుంది. నేను కొక్కెం మీదనుంచి కోటు తీశాను, స్టేషనుకి వెళ్దామని.

"నువ్వు రానక్కర్లేదమ్మా" అంది. "ఈసారి ఇంకో రైలు. దాని పేరు తెలిసినా చాలట, చోటు బయటపడ్డానికి. బౌకల్ గారన్నారు."

"నేనెవరికీ చెప్పనే."

"తెలుసు" అంది టెస్సా, నా చెయ్యి మీద తట్టి. పసిపిల్లకి చెప్పినట్టు చెప్పింది. తలుపేసుకుని వెళ్ళిపోయింది.

కిటికీ తీసి చూశాను. రెండు బుట్టలూ వీధిలో పోతున్నాయి, ఒకటి కాస్త కుంటుతూ, ఒకటి గెంతుతూ. మూల తిరగబోయే ముందు ఇద్దరూ ఆగి, ఎవరైనా వెంట వస్తున్నారేమోనని వెనక్కి చూశారు. వీధిలో ఎవరూ లేరు. కిటికీలో నేనొక్కదాన్నే ఉన్నాను. నేను లోపలికి వెళ్ళేదాకా వాళ్ళు అక్కడినుంచి కదల్లేదు.